నంబరు లేని పొర

ఆ ఆదివారం మధ్యాహ్నం పెనుకొండలోని ఆ ఇంట్లో ఎనిమిదిమంది ఉన్నారు.

నడింట్లో మంచం మీద రామసుబ్బమ్మవ్వ. ఎడమ కాలు రెండు దిండ్ల మీద ఎత్తిపెట్టి ఉంది. కాలికి తెల్లకట్టు. ఆ కట్టు లోపల చిటికెనవేలు లేదు. గురువారం హిందూపురం ఆసుపత్రిలో తీసేశారు. తలవైపు అవ్వ కూతురు లక్ష్మక్క. ఆమె చిలమత్తూరు నుంచి వచ్చి ఐదు రోజులైంది. నిద్ర లేక కళ్లు వాచిపోయాయి. వాకిలికి ఆనుకుని అవ్వ కొడుకు రామాంజనేయులు. వంటింటి గడపలో కోడలు హనుమక్క. పొద్దున బస్సుకే ధర్మవరం నుంచి దిగిన హనుమక్క తమ్ముడు చౌడప్ప గోడవారన కింద కూర్చున్నాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో శోభారాణి మేడం. యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. ఆమె ఎదురుగా, పరీక్షలో నిలబడినట్టు, ఆమె దగ్గర ఆరేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్న తనూజ. ఈ ఇంటి పెద్దకూతురు.

ఎనిమిదో మనిషి దీపిక. తనూజ చెల్లెలు. ఇంటర్ మొదటి సంవత్సరం. ఇంట్లో ఉన్నవాళ్లను ఎవరు లెక్కపెట్టినా ఆఖరున గుర్తొచ్చే మనిషి. ఆ పొద్దు అదే మేలనుకుని బీరువా పక్కన ఒదిగి నిలబడింది.

అవ్వ కాలి పుండు మీద ఆ పొర పెట్టింది దీపికే. అది అవ్వకూ దీపికకూ తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"చెప్పు తనూజా" అంది లక్ష్మక్క. "మీ మేడం ముందరే చెప్పు. నువ్వు తేకుంటే ఆ పొర మా అమ్మ కాలికి యాడ్నుంచి వచ్చింది? చెట్టుకు కాసిందా?"

"నేను తేలేదత్తా."

"నా చేత్తో నేను దూది పెరికితే కనపడింది. పచ్చగా, పలచగా, ఉల్లిపొర మాదిరి. నువ్వు ఉగాదికి వచ్చినప్పుడు ఫోన్‌లో చూపించిందీ అదే. షుగర్ పుండ్లకు పెడతారత్తా, పట్టు బంకతో చేస్తాండామత్తా అని ఎంత ముచ్చటగా చెప్తివి! నేను ఊరంతా చెప్పుకుంటి, మా అన్న కూతురు మందు కనిపెట్టిందని."

చివరి మాట దగ్గర లక్ష్మక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ పొర ఫొటోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది కూడా ఆమే. అక్కణ్నుంచి ఎవరి చేతికి పోయిందో ఏమో, శుక్రవారానికి యూనివర్సిటీలో ఎథిక్స్ కమిటీ దాకా పోయింది. ఇంకా మనుషుల మీద వాడటానికి అనుమతి లేని దాన్ని తనూజ సొంత అవ్వమీదే పరీక్ష చేసిందని ఫిర్యాదు. రేపు సోమవారం కమిటీ కూర్చుంటుంది.

"అమ్మా, నేను ఎవరి తప్పూ పట్టడానికి రాలేదు" అంది శోభారాణి మేడం. ఆమె గొంతు మెల్లగా ఉంటుంది కానీ మాట తడబడదు. "రేపు కమిటీలో నన్ను ఒకటే అడుగుతారు. ఆ ఫిల్మ్ మీ ల్యాబ్‌దేనా అని. అవునంటే తనూజ పీహెచ్‌డీ ఆగిపోతుంది. వచ్చే నెల కాలేజీలో చేరాల్సిన లెక్చరర్ ఉద్యోగం పోతుంది. ఆసుపత్రివాళ్లతో కలిసి మొదలుపెట్టిన పని కూడా ఆగిపోతుంది. కాదనడానికి నా దగ్గర ఆధారం కావాలి."

"ఉంది కదా మేడం" అంది తనూజ. "మనం చేసినవి అరవై నాలుగు. ప్రతిదానికీ నంబరుంది."

"ఉంది. నిన్న నేనే ఫ్రిజ్ తెరిచి చూశాను. ఎలుకలకు వాడినవాటితో కలిపి అరవై నాలుగూ లెక్కకు వచ్చాయి."

"చేసినోళ్లే లెక్క రాసుకుంటే ఎట్లయినా సరిపోతాది" అంది లక్ష్మక్క. "అరవై ఐదోది చేసి నంబరేయకుంటే ఎవురికి తెలుస్తాది?"

"కమిటీ అడిగేదీ అదే" అంది మేడం.

రామాంజనేయులు వాకిలి వదిలి రెండడుగులు లోపలికి వచ్చాడు.

"ఒప్పుకో పాపా" అన్నాడు కూతురితో. "నేను అడిగినాననే పెట్టింటావు. నాకోసమే చేసింటావు. నా మీదే వేసుకుంటా. మా నాయన బలవంతం చేసినాడని రాయి."

"నువ్వు అడిగినావు, నేను పెట్టనన్న్యా నాయనా. నీకు గుర్తుండాది కదా."

గుర్తుండక ఏం? రెండు నెలల కిందట ఈ నడింట్లోనే జరిగింది ఆ గొడవ. అవ్వ పాదం పక్కన పుండు మానడం లేదని, ఒక్క పొర తెచ్చి పెట్టమని రామాంజనేయులు అడిగాడు. అనుమతి రాలేదు నాయనా, ఇంకా ఎలుకల మీదే చూస్తున్నామంది తనూజ. ఆయనకు కోపం ఆగలేదు. "పట్టుపురుగులు నేను మేపినవి. గూళ్లు నావి. బంక మీ మామ గంగాళంలోది. కాలు మా అమ్మది. ఇంక ఎవుని అనుమతి కావల్ల నీకు?" అని అరిచాడు. తనూజ అన్నం తినకుండానే బస్సెక్కి పోయింది.

ఆ పొద్దు కూడా దీపిక ఈ బీరువా పక్కనే నిలబడి ఉంది.

"అవ్వా" అని మంచం వైపు వంగింది మేడం. "మీరైనా చెప్పండి. ఆ పొర ఎవరు పెట్టారు?"

రామసుబ్బమ్మవ్వ పైకప్పు చూస్తూ పడుకుంది.

"నాకు గుర్తు లేదమ్మా."

"నీ కాలికి పెట్టించుకుంటివి, ఎవురు పెట్టిందీ గుర్తులేదా?" అంది లక్ష్మక్క.

"లేదంటి కదా. ఒసే లక్ష్మీ, కాలు నాది. పోయిన వేలు నాది. నాకు నొప్పి లేదు. మీకెందుకే ఇంత నొప్పి?"

వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. హనుమక్క మాత్రం కదల్లేదు.

దీపిక గొంతు దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. నేనే పెట్టినా. రెండంటే రెండే మాటలు. బడిలో పాఠం చదవమని టీచరు లేపినప్పుడు కూడా ఇంతే. పుస్తకంలో అక్షరాలు కనపడుతూనే ఉంటాయి, నోరు తెరుచుకోదు.

అయినా ఇప్పటిదాకా ఆమె మనసులో ఒక చిన్న ఆసరా ఉంది. పొర మంచిదే, పుండే ముదిరిపోయింది, అంతే అనుకుంటూ వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లకు వేళ్లు పోతాయని ఊళ్లో అందరూ అనేదే కదా.

మేడం బ్యాగులోంచి ఆసుపత్రి కాగితం తీసి మళ్లీ చదివింది.

"డాక్టరు ఇది షుగర్ వల్ల కుళ్లింది కాదని రాశాడు. బట్టల సోడా, సున్నం లాంటిది తగిలి చర్మం కాలిందట. అక్కడి నుంచి ఎముకకు పట్టింది. నాకు అర్థం కానిది ఇదే. మా ఫిల్మ్‌లో సోడా ఉండదు." ఆమె చౌడప్ప వైపు తిరిగింది. "మీరు ధర్మవరంలో పట్టు ఉడకబెట్టే పనే కదా చేస్తారు? ఎలా చేస్తారో చెప్తారా?"

చౌడప్ప తడబడి లేచి నిలబడబోయాడు. మేడం కూర్చోమంది.

"ముడిపట్టు గరుకుగా ఉంటాది మేడం. దానికి బంక ఉంటాది. అది పోతే గానీ మెత్తబడదు, రంగు పట్టదు. గంగాళంలో నీళ్లు మరగబెట్టి, సబ్బు, సోడా వేసి గంటసేపు ఉడకేస్తాము. బంకంతా నీళ్లలో దిగుతాది. ఆ నీళ్లు మోరీకి పోతాయి."

"తనూజ తీసుకెళ్లేది ఆ నీళ్లేనా?"

"అయ్యో, కాదు మేడం. తనూజమ్మది వేరే. కుక్కర్ మాదిరి మూత బిగించి ఉత్త నీళ్లలో ఉడకేస్తాది. ఒక్క చిటికెడు సోడా తగిలినా పనికిరాదంటాది. నా చేత గంగాళం మూడు తూర్లు తోమించింది, ఏమనుకున్యారు!"

"మీ సోడా నీళ్లతో ఎవరైనా ఇలాంటి పొర చేస్తే?"

చౌడప్ప నవ్వాడు.

"ఎవురు చేస్తారు మేడం? దినామూ ఆ నీళ్లలో పెట్టి నా చేతులెట్లయినాయో చూడండి." రెండు చేతులూ చాపాడు. వేళ్ల సందుల్లో చర్మం ఎర్రగా పగిలి, గోళ్లు సగం అరిగిపోయి ఉన్నాయి. "గట్టి చేతులకే ఇట్లుంటే, పుండు మీద ఎవురన్నా..."

మాట మధ్యలో ఆగిపోయాడు. నవ్వు ముఖం మీద ఒక క్షణం ఉండి తర్వాత పోయింది. ఆయన కళ్లు ఎవరినో వెతికినట్టు ఇల్లంతా తిరిగి బీరువా పక్కన ఆగాయి.

పోయిన నెల సెలవులకు ధర్మవరం పోయినప్పుడు, కాలేజీలో ప్రాజెక్టు ఉంది మామా, బంకనీళ్లు కావాలని దీపిక అడిగింది. పారబోసేదే కదమ్మా, ఎన్నయినా తీసుకుపో అని ఆ పగిలిన చేతులతోనే ఆయన సీసా నింపి ఇచ్చాడు.

దీపికకు కాళ్ల కింద నేల చల్లగా తగిలింది. పుండు కాదు. పొరే.

"పురుగులకు ఆకు వేయల్ల" అంది. ఎవరితో అన్నదో ఆమెకే తెలియదు. తల దించుకుని పెరట్లోకి నడిచింది.

మామ ఎవరిని చూశాడో తనూజ చూసింది.

*

పెరట్లో పట్టుపురుగుల షెడ్డు ముందర సున్నమూ బ్లీచింగూ కలిపిన పొడి పోసిన తొట్టి ఉంటుంది. దాన్ని తొక్కి గానీ ఎవరూ లోపలికి పోరాదు. లేకుంటే పురుగులకు రోగం తగులుతుంది. ఇంట్లో చావొచ్చినా పెండ్లొచ్చినా ఈ పద్ధతి మారదు. దీపిక తొక్కింది. ఆమె వెనకే వచ్చిన తనూజా తొక్కింది.

పురుగులు చర్మం విడిచే నాలుగో జ్వరం నుంచి లేచి మూడు రోజులైంది. ఇంకో నాలుగు రోజుల్లో గూడు కడతాయి. ఇప్పుడు వాటికి ఆకలి తప్ప ఇంకేమీ ఉండదు. దీపిక మల్బరీ కొమ్మలు తీసి అరల మీద పరుస్తోంది.

తనూజ కూడా ఒక కట్ట విప్పి అటువైపు అర మీద పరచడం మొదలుపెట్టింది.

"సీసా ఎంతది?" అంది తనూజ.

దీపిక చేయి ఆగింది.

"రెండు లీటర్లది. కూల్‌డ్రింక్‌ది."

"గ్లిజరిన్?"

"మెడికల్ షాపులో కొన్న్యా."

"ఎవరు చెప్పినారు ఎట్ల చేయాలనేది?"

"నీ పాత నోట్సు. అటక మీద పెట్టెలో ఉండాది."

"అందులో సోడా లేకుండా బంకనీళ్లెట్ల తీయల్లో ముందే రాసినా కదా. మొదటి నాలుగు పేజీలూ అదే కదా."

"అవి ఇంగ్లీషులో ఉండాయి. నాకు అర్థం కాల్యా. వెనక ఒక పేజీలో పళ్లెం బొమ్మ గీసి తెలుగులో రాసినావు. బంకనీళ్లు ఇన్ని, గ్లిజరిన్ ఇంత, నీడలో ఆరబెట్టాల అని. అది చూసి చేసినా."

తనూజ చేతిలో కొమ్మ అలాగే ఉండిపోయింది. ఆ తెలుగు పేజీ ఆమె చౌడప్ప మామ కోసం రాసింది. మామా, నీ బంకతో ఇదే చేసేది అని చూపించడానికి. ఆయనకు తెలిసిన సంగతే కదా అని ఉత్త నీళ్లలోనే ఉడికించాలన్న మాట అందులో రాయలేదు.

"ఎన్ని దినాలు పెట్టినావు?"

"ఆరు. దినానికొకటి. కాలేజీకి పోయేముందు."

"అవ్వ మంట అనలేదా?"

"లేదక్కా!" దీపికకు ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. "చల్లగా ఉండాది పాపా అనింది. పెట్టిన ప్రతిసారీ అనింది. నువ్వే నా డాక్టరువి అనింది. మీ అక్కకు చెప్పాకు, అరుస్తాది అనింది. మంట అనింటే నేను అప్పుడే తీసేస్తాంటి కదా."

"అవ్వ పాదాలకు మూడేండ్ల నుంచి స్పర్శ లేదు దీపూ." తనూజ గొంతు పైకి లేవలేదు. లేచి ఉంటే బాగుండేది అనిపించింది దీపికకు. "చెప్పు ఊడిపోయినా తెలీదు. నిప్పు పెట్టినా తెలీదు. ఇంక చల్లన యాడ తెలుస్తాది?"

దీపిక అరను పట్టుకుంది.

పొద్దున్నే తను పళ్లెం పట్టుకుని వస్తే అవ్వ మంచం మీద ఎదురుచూస్తూ ఉండేది. ముసిముసిగా నవ్వేది. కాలు ముందుకు చాపేది. చల్లగా ఉండాది పాపా. అది తన సంతోషం కోసం చెప్పిన మాట.

"అందుకే పెట్టనన్న్యా నేను" అంది తనూజ. "పొర మంచిది కాదని కాదు. తప్పు జరిగితే ఆ కాలు చెప్పలేదని. చెప్పలేని కాలిమీద పెట్టేముందు నూరు చోట్ల చూసుకోవల్ల. ఆరేండ్లు నేను చేసిందంతా ఆ చూసుకునేదే. నాయనకు అది కొమ్ములొచ్చినట్ల కనపడింది. నీకూ అట్లనే కనపడిందా?"

"నాకు అవ్వ కాలు కనపడింది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు షెడ్డు నిండా ఉంది.

దీపిక షెడ్డు మూలకు పోయి, ఆకుల గంప వెనక నుంచి తన డైరీ తీసుకొచ్చింది. నీలం అట్ట. పేజీల మధ్య ఒక పొర ఉంది. పచ్చగా, పలచగా. అంచులు మాత్రం తెల్లగా పొడిపొడిగా పూసినట్టున్నాయి.

"ఇది ఏడోది" అంది. "పెట్టేలోగా అత్త వచ్చింది."

తనూజ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. అంచు మీది తెల్లపొడిని గోటితో గీరింది.

"సోడా పేరుకుంది" అంది. వెనక్కి తిప్పి చూసి, "నంబరు లేదు" అంది.

"ఏ రోజు ఏది పెట్టిందీ అంతా రాసినా అక్కా ఇందులో. నేనే చేసినానని, మామను అబద్ధమాడి అడిగినానని, అన్నీ ఉండాయి. నేను మేడంకి చెప్తా."

"చెప్పు. చెప్తే?"

"నీ ఉద్యోగం నిలుస్తాది."

"నువ్వు?"

దీపిక అక్క చేతిలోంచి పొరను తీసుకుని మళ్లీ డైరీ పేజీల మధ్య పెట్టింది.

"అత్త నిన్ను వదుల్తుందా? ఇంటర్ చదివే పిల్ల మా అమ్మ వేలు తీయించిందని ఇంకో ఫొటో పెడ్తాది. ఈసారి నీ ఫొటో. నాయన మొగం చూడగలవా నువ్వు?"

"నువ్వు చూడగలుగుతాండావా?"

తనూజ తల తిప్పుకుంది.

"రేపు కమిటీ నన్ను తీసేసినా నా చేతిలో చదువుండాది" అంది చివరికి. "యాడో ఒకచోట, ఏ మందుల ఫ్యాక్టరీలోనో..." వాక్యం పూర్తి చేయలేదు. ఫ్యాక్టరీ అనే మాట దగ్గరే ఆమె నోరు వంకరపోయింది. కెమికల్ ఇంజనీరింగు చదివితే పురుగుమందుల ఫ్యాక్టరీ తప్ప ఇంకేముంటాది అని ఊరంతా నవ్విన రోజుల్లో, కాదు, మనుషుల గాయాలకు పనికొచ్చేది చేస్తానని ఎదురు చెప్పింది ఈ అక్కే.

"తనూజా!" పెరటి వాకిట్లోంచి రామాంజనేయులు పిలిచాడు. "మేడం పోవల్లంటాండారు. కాగితం రాసి సంతకం పెట్టల్లంట. రా."

*

మేడం నడింట్లో లేదు. మనుషుల మధ్య రాసే పని కాదని పక్కగదిలోకి పోయి కూర్చుంది. గది వాకిట్లోంచి బల్లా, బల్ల మీద తెల్ల కాగితమూ పెన్నూ కనపడుతున్నాయి.

లక్ష్మక్క అవ్వకు మాత్రలు మింగిస్తోంది. చౌడప్ప గోడవారన అలాగే కూర్చుని తన చేతులు తాను చూసుకుంటున్నాడు. దీపిక పక్కనుంచి పోతుంటే ఆయన తలెత్తాడు. ఏదో అడగబోయి, అక్క బిడ్డను ఏమని అడగాలో తెలియక, తల దించుకున్నాడు.

మంచం మీద అవ్వ మాత్రం దీపికనే చూస్తోంది. వద్దు అన్నట్టు, కట్టు కట్టిన కాలు దిండు మీద ఒక్కసారి కదిలింది.

దీపిక ఆగలేదు. డైరీని రెండు చేతులతో గుండెకు అదుముకుని అక్క వెనకే నడిచింది. ఆ రెండు మాటలే మనసులో అనుకుంటోంది. నేనే పెట్టినా. నేనే పెట్టినా. ఈసారి తెరుచుకుంటుంది నోరు.

గడప దాటిన తనూజ వెనక్కి తిరిగింది.

"ఆ పుస్తకం ఇట్లియ్యి" అంది మెల్లగా.

దీపిక ఇచ్చింది. తనూజ దాన్ని తెరవలేదు. పేజీల మధ్య పొర ఉన్న చోట బొటనవేలు పెట్టి పట్టుకుంది, అంతే.

"ఏం చెప్తావక్కా?"

తనూజ చెల్లెలి ముఖంలోకి చూసింది. ఆ పొద్దు మొత్తంలో అలా చూడటం అదే మొదలు. ఆ చూపులో కోపం ఉందో, జాలి ఉందో, ఆరేళ్ల అలసటే ఉందో దీపికకు తెలియలేదు.

"చెప్పు తనూజా" అంది లోపలి నుంచి మేడం. "నువ్వు చెప్పేది చెప్పినట్టే రాస్తాను."

"నేనూ వస్తా" అని దీపిక గడప మీద కాలు పెట్టబోయింది.

"నువ్వు ఈడే ఉండు."

గడప లోపల అక్క పాదాల సున్నపు గుర్తులు, బయట దీపికవి. మధ్యలో తలుపు పడింది.